చెరువుతో పనున్న మనిషి

తెలుగులో అడవి గురించి రాసేవాళ్లు ముందు బస్సో రైలో ఎక్కుతారు. నల్లమల, కవ్వాల్, పాపికొండలు తిరిగొచ్చి రాస్తారు. ఆ రాతలు నాకూ ఇష్టమే. ఈ పుస్తకం రాసిన అమ్మాయి మాత్రం ఎక్కడికీ పోలేదు. మణికొండలో తనుండే అపార్టుమెంటు గేటు దాటి, ఓ రోజు ఖాజాగూడ గుట్టల దిక్కు, ఓ రోజు నెక్నాంపూర్ చెరువు దిక్కు, సెలవు దొరికితే గండిపేట దాకా నడిచింది. చేతిలో గాలం కట్టె, భుజాన సంచి. నడిచినంత మేర కంటపడ్డదే రాసింది. ముప్పై నలభై అంతస్తుల టవర్ల సందున ఇంత అడవి మిగిలి ఉందా అని చదివినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు.

రచయిత్రి గురించి నాలుగు మాటలు. గచ్చిబౌలి వైపు ఒక కంపెనీలో ఉద్యోగం, రాత్రి షిఫ్టు. తెల్లారి క్యాబ్ దిగాక ఇంట్లోకి పోకుండా చెరువు కట్టెక్కే అలవాటు ఈ వ్యాసాలకు పునాది. వాళ్ల నాయన పాలమూరు దిక్కున ఊరిచెరువులో వల వేసి పిల్లల్ని చదివించినవాడు. కాబట్టి గాలానికి ఎర గుచ్చడం ఆమెకు పట్నంలో ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. "సార్, పొగడకపోయినా సరే, తప్పులుంటే చెప్పండి" అని రాతప్రతి నా చేతిలో పెట్టింది. ముందుమాటల్లో సగం పొగడ్త, సగం ఆశీస్సు ఉండడం మన ఆచారం. ఆ రెండింటి నడుమ కాస్త తగవు కూడా పెట్టుకుంటాను.

ముందు ఈ నేల సంగతి. మణికొండ అంటే ఇవాళ్టి వాళ్లకు ల్యాంకో హిల్స్, మర్రిచెట్టు సర్కిల్, సాయంత్రం ఆరు దాటితే కదలని బండ్లు. 2018లో మున్సిపాలిటీ అయింది కానీ అంతకుముందు ఇది జాగీరు ఊరు. ఇక్కడి దర్గాలో సమాధి అయిన హజ్రత్ హుస్సేన్ షా వలీయే ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562లో, హుస్సేన్‌సాగర్ కట్టించాడు. ఆ సాగరానికి మూసీ నీళ్లు తేవడానికి తవ్విన కాలువను ఇప్పుడు బుల్కాపూర్ నాలా అంటున్నాం. శంకర్‌పల్లి దిక్కున బయల్దేరి కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ, మణికొండ మీదుగా షేక్‌పేట వైపు సాగిపోతుంది. నగరం నడిబొడ్డున ఉన్న చెరువుకు నీరు మన వాకిట్లోంచి పోయేదన్న మాట. ఈ సంగతి తెలిసినవాళ్లు మణికొండలో ఎంతమంది ఉంటారు?

పుస్తకంలో నాకు బాగా నచ్చిన వ్యాసం ఈ నాలా వెంట నడిచినదే. నడక అనగానే మన కాలనీల్లో చేతి గడియారం చూసుకుంటూ అడుగులు లెక్కపెట్టడం గుర్తొస్తుంది. ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ బాట వేసి పైన సోలార్ కప్పు కూడా వేశారు. మంచిదే. కానీ దాని మీద పోయేవాళ్లకు నేల ఎటు వాలుగా ఉందో తెలియదు. ఈ అమ్మాయి నీరు పోయే దారిన నడిచింది. నీరు పోయే దారిన నడిస్తే ఊరి నిర్మాణమంతా తేటతెల్లమవుతుంది. ఎక్కడ నాలా మీద స్లాబు వేశారో, ఎక్కడ ప్రహరీ గోడ ముందుకు జరిగి కాలువ వెనక్కి నక్కిందో, ఎక్కడ ఇరవై అడుగుల నాలా ఆరడుగుల పైపులో దూరిందో ఆమె వరసగా చెబుతూ పోతుంది. ఎవరినీ తిట్టదు. మరుసటి వ్యాసంలో వాన పడుతుంది, నీళ్లు సెల్లార్లలోకి వస్తాయి. కారణం మనకు ముందే తెలిసిపోయి ఉంటుంది. వాదన ఇలా నడిపించడం చేయి తిరిగినవాళ్లకే సాధ్యం.

గుట్టల మీది వ్యాసాల్లో ఆమె కన్ను ఇంకా నిదానిస్తుంది. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎవరో ఎత్తి పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ ఆ గుండ్లను ఎవరూ పేర్చలేదు. భూమి లోపల ఉండగానే బండకు నిలువుగా, అడ్డంగా పగుళ్లు పడ్డాయి. నీరు ఆ పగుళ్లలోకి దిగి అంచుల్ని తినేసింది. తర్వాత పైనున్న మట్టి కొట్టుకుపోయి గుండ్రటి రాళ్లు బయటపడ్డాయి. ఆ సందుల్లో సీతాఫలం, రేగు, బలుసు, తంగేడు. ఎండాకాలం చివర జతకట్టే రోజుల్లో రాతి తొండ మగది మెడ దాకా ఎర్రగా మండిపోతూ బండ కొసన కూర్చుని తల ఎగరేయడం గురించి ఆమె రాసిన పేజీన్నర ఎవరైనా పిల్లలకు చదివి వినిపించదగ్గది. ఆడది వచ్చి చూసి, చూడనట్టు పోవడం కూడా అందులో ఉంది.

గుట్ట అంచున కాపురం పెట్టిన కొండ గుడ్లగూబ జంట మీద ఒక వ్యాసమంతా ఉంది కానీ అది ఏ గుట్టో, ఏ సందో రాయలేదు. చిత్తు ప్రతిలో ఉన్న ఆనవాళ్లను కూడా కొట్టేసింది. అచ్చులో చోటు చెబితే కెమెరాలు వస్తాయి, కెమెరాల వెనక జనం, జనం వెనక గూడు విడిచిపోయే పక్షి. తెలిసిన సంగతిని దాచడం కూడా రచయిత బాధ్యతే. ఆ ఇంగితం ఈమెకు ఉంది.

ఇక చేపలు. అడవిని ప్రేమించడం, చేపకు గాలం వేయడం ఒకే మనిషికి ఎలా పొసుగుతాయని కొందరు అడుగుతారు. ఈ పుస్తకానికి గుండెకాయ అక్కడే ఉంది. చూడ్డానికి వచ్చేవాడికి చెరువు ఒక అద్దం. చేప కోసం వచ్చినవాడు నీటి లోపలికి ఆలోచించాలి. లోతెక్కడ, బురదెక్కడ, నాచెక్కడ, గాలి ఎటు వీస్తోంది, నిన్నటి వానకు కొత్తనీరు ఏ మూల నుంచి దిగింది అని చూసుకోవాలి. బెండు కదలకపోతే ఎందుకు కదలలేదో తెలుసుకోవాలి. ఆ కూర్చోవడంలో ఆమె నేర్చుకున్నది చాలా ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మన చెరువుల్లో రెండు రకాల చేపలుంటాయి. బొచ్చ, రవ్వు, మృగాల నిలవనీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వరద ప్రవాహం కావాలి. అందుకే ఏటా పిల్లల్ని తెచ్చి పోయాల్సిందే. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన పిల్లల్లో ఎక్కువ ఇవే. కొర్రమీను, జెల్ల, పరక లాంటివి చెరువులోనే పుట్టి చెరువులోనే పెరుగుతాయి. ఆమె మొదటివాటిని పోసిన చేపలంటుంది, రెండోవాటిని పుట్టిన చేపలంటుంది. చెరువులో అడవి మిగిలి ఉందా లేదా అనడానికి పుట్టిన చేపలే సాక్ష్యం అంటుంది. ఇంత సూటిగా ఈ మాట నేను ఎక్కడా చదవలేదు. పోసిన చేప ఉందంటే మనిషి ఖర్చు పెట్టాడని అర్థం. పుట్టిన చేప ఉందంటే చెరువు తన పని తాను చేసుకుంటోందని అర్థం.

కొర్రమీను మన రాష్ట్ర చేప. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం వారు ఉబ్బసం రోగులకు మందు పెట్టి మింగించేది దీని పిల్లనే. తొలకరికి అది చెరువు అంచున, మోకాలి లోతు నీళ్లలో, గడ్డిని పక్కకు నెట్టి గూడు చేసుకుంటుంది. పిల్లలు పుట్టాక తుప్పు రంగు మందగా నీటి పైపైన తేలుతూ ఊపిరి కోసం బుడబుడమంటుంటాయి. కింద తల్లిదండ్రులు కావలి కాస్తుంటాయి. కప్పను గుచ్చి ఆ మంద మీద ఆడిస్తే పెద్ద చేప కోపంతో కొడుతుంది, గాలం సులువుగా పడుతుంది. కానీ ఆ ఒక్క చేపతో పాటు కింద వందల పిల్లలు పోతాయి. మత్స్య సహకార సంఘంలోని పెద్దమనిషి ఒకాయన ఆమెకు మొదట చెప్పిన నీతి ఇదేనట: మంద మీద గాలం వేయొద్దు. ఏ చట్టంలోనూ లేని ఈ నిషేధాన్ని చేపలు పట్టేవాళ్లే తమకు తాము పెట్టుకున్నారు. చేపతో రేపు కూడా పనున్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ ఇలాంటి నియమం తట్టదు.

అడగకుండా గాలం వేయకపోవడంలోనూ ఆమె మర్యాద పాటించింది. చెరువు మీద చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది. గాలం వేసే ముందు సంఘం వాళ్లను అడిగింది. వాళ్లు ముందు నవ్వారట, ఆడపిల్ల గాలం వేయడమేమిటని. తర్వాత చాయ్ పోశారు. ఆ చాయ్ దగ్గర విన్న ముచ్చట్లే పుస్తకంలో సగం ఉన్నాయి.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. చెరువులు ఎందుకు పోయాయన్న ప్రశ్నకు కబ్జాదారులని, రియల్ ఎస్టేటని, ప్రభుత్వమని మనకు జవాబులు సిద్ధంగా ఉంటాయి. అవన్నీ నిజమే. కానీ కబ్జాకు ముందు ఇంకోటి జరిగింది. వెనకటి రోజుల్లో ఒక్కో చెరువుకు ఎంతమంది పనివాళ్లు! తూము తీసే నీరటికాడు, ఆయకట్టు రైతు, వల వేసేవాడు, రేవులో బట్టలుతికేవాళ్లు, పూడిక మట్టి తీసుకుపోయే కుమ్మరి, గొర్లకు నీళ్లు తాగించే గొల్ల, బతుకమ్మ పండక్కి గట్టు మీద గునుగు, తంగేడు కోసుకునే ఆడవాళ్లు. నీరు నిలిచే శిఖం నేలలో ఎవడైనా ఒక గజం ముందుకు జరిగితే సాయంత్రానికి ఊరంతా తెలిసేది, ఎందుకంటే అందులో ఎవరిదో ఒకరి పని ఆగిపోయేది. ఆయకట్టు ప్లాట్లయింది. నీరటికాడి అవసరం లేకపోయింది. గునుగుపూలు గుడిమల్కాపూర్ మార్కెట్లో దొరుకుతున్నాయి. చెరువుతో ఎవరికీ పని లేకుండా పోయాకే దాన్ని పూడ్చడం తేలికయింది. మురుగుకు మాత్రం పనుంది, అది రోజూ వస్తోంది.

ఈ పుస్తకం చదివాక నాకు గట్టిపడ్డ నమ్మకం ఇదే. ఇంటి దగ్గరి అడవిని కాపాడాలంటే దానితో మళ్లీ మనుషులకు పని కల్పించాలి. నడిచే పని, పట్టే పని, కోసుకునే పని, లెక్కపెట్టే పని, ఏదైనా సరే.

దీనికి సాక్ష్యాలు మన చుట్టూనే ఉన్నాయి. నెక్నాంపూర్ చెరువు గుర్రపుడెక్కతో, మురుగుతో ఊపిరాడక ఉన్నప్పుడు మధులికా చౌదరి నడిపే ధ్రువాంశ్ సంస్థ పూనుకుంది. 2018లో నీటి మీద తేలే మొక్కల తెప్ప కట్టారు. వట్టివేరు, మెట్టతామర, జమ్ము లాంటివి దాని మీద పెరుగుతాయి, వేళ్లు కిందికి నీళ్లలో వేలాడతాయి, ఆ వేళ్లను అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులు మురుగును తింటాయి. యంత్రం లేదు, కరెంటు లేదు. కానీ దానికి రోజూ మనుషులు కావాలి. ఎండిన మొక్క తీసేవాళ్లు, కొత్తది నాటేవాళ్లు, చెత్త ఏరేవాళ్లు లేకపోతే తెప్ప రెండేళ్లకు చెత్తకుప్ప అవుతుంది. రాళ్ల విషయమూ అంతే. 1996లో పుట్టిన 'సొసైటీ టు సేవ్ రాక్స్' వాళ్లు కోర్టులకు వెళ్లారు, అర్జీలు పెట్టారు, వాటితో పాటు జనాన్ని గుట్టల మీదికి నడిపించారు. నడిచినవాళ్లకు ఆ బండలు తమవయ్యాయి. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి చెట్లు నరకడానికి యంత్రాలు వచ్చినప్పుడు ముందుగా అరిచింది హైదరాబాద్ విశ్వవిద్యాలయం పిల్లలు. ఏ బండ కింద ఏ తాబేలుందో, ఏ కుంటకు ఏ పక్షి వస్తుందో రోజూ తిరిగి తెలుసుకున్నవాళ్లు కాబట్టే వాళ్ల మాటకు బలం వచ్చింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరుకుడు ఆపమంది.

ఎదురు సాక్ష్యం కూడా ఉంది. చేపలు పట్టేవాడు తప్ప ఇంకెవరూ చూడని చెరువు ఏమవుతుందో 2017లో అమీన్‌పూర్ దగ్గర గండిగూడెంలో చూశాం. టన్నుల కొద్దీ చేపలు చచ్చి తేలాయి. మామూలు మురుగు ఎక్కువైన చెరువులో ఏం జరుగుతుందో రచయిత్రి వేరుగా విడమరచి చెప్పింది. మురుగును కుళ్లబెట్టే జీవులు నీటిలోని ప్రాణవాయువును తాగేస్తాయి. పగలైతే నాచు కొంత తిరిగి ఇస్తుంది. రాత్రి అదీ ఉండదు. కాబట్టి కోడి కూసే వేళకు చేపలు నోళ్లు తెరిచి నీటిపైకి వస్తాయి. కట్ట మీద ఆ వేళకు ఎవరైనా ఉంటే ముందే తెలుస్తుంది, ఎవరూ లేకపోతే పొద్దున వాసన వచ్చాక తెలుస్తుంది. నేరుగా గాలి పీల్చగల కొర్రమీను, దేన్నైనా తట్టుకునే జిలేబి మాత్రమే గాలానికి తగులుతున్నాయంటే ఆ చెరువు జబ్బు ముదిరిందని లెక్క. ప్రయోగశాల అక్కర్లేని పరీక్ష ఇది.

ఇదంతా చూశాక సుందరీకరణ మీద ఆమె వేసిన ప్రశ్న నన్ను వదల్లేదు. చెరువు చుట్టూ రాతికట్టు, రెయిలింగు, దీపాలు, నడకబాట. చూడ్డానికి బాగుంటుంది. కానీ వాలుగా దిగే బురద అంచు పోయి గోడలాంటి గట్టు వచ్చాక కొర్రమీను గూడు ఎక్కడ కట్టాలి? నీటికోడి ఎక్కడ నడవాలి? శీతాకాలం వచ్చే ఉల్లంకి పిట్టలు ఏ బురదలో ముక్కు పెట్టాలి? పది హెక్టార్లు మించిన చెరువుకు ముప్పై మీటర్ల బఫర్ ఉండాలని రూలు ఉంది. ఆ ముప్పై మీటర్లను గడ్డికి, బురదకు వదిలేస్తే చాలు, పైసా ఖర్చు లేదు. మనకు ఖర్చు లేని పని చేయడమే కష్టం.

గండిపేట వ్యాసాల గురించి ఒక మాట. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టిన రెండు జలాశయాల్లో ఇది మొదటిది, 1920లో పూర్తయింది. హిమాయత్‌సాగర్ 1927 నాటిది. వీటి చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దు పెడుతూ 1996లో 111 జీవో వచ్చింది. 2022లో దాన్ని సడలిస్తూ 69 జీవో వచ్చింది. రచయిత్రి ఈ రెండు జీవోలను పక్కపక్కన పెట్టి వ్యాఖ్యానం చేయకుండా, ఎగువ వాగుల్లో నడుస్తూ నీరు ఎక్కడ ఆగుతోందో చూపించింది. రాజకీయం ఇష్టం లేనివాళ్లు కూడా చదవగలిగేలా ఉంది. 1931-32లో నిజాం రాజ్యంలో పక్షులను లెక్కించడానికి సలీం అలీ వచ్చినప్పుడు ఈ జలాశయాలు కొత్తవి. నూరేళ్ల వయసులో అవి ఎలా ఉన్నాయో ఈ పుస్తకం పక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇక తగవు. ఒకటి, ఈ అమ్మాయి పట్టిన చేపల్ని దాదాపు అన్నీ వదిలేస్తుంది. మురుగునీటి చేప తినరాదు కాబట్టి నెక్నాంపూర్‌లో వదలడం సరే. గండిపేటలో కూడా వదిలేసి, సంఘం వాళ్ల దగ్గర చేప కొనుక్కుని ఇంటికొస్తుంది. వదలడమే గొప్ప నీతి అన్నట్టు ఒకటి రెండు చోట్ల రాసింది. నేనొప్పుకోను. గాలం గుచ్చి పీకి వదిలిన చేపకు మన నీతితో పని లేదు. తినదగిన చేప, తినదగినంత పట్టుకుని, పులుసు పెట్టుకుని తినమ్మా. మణికొండ చెరువు చేపను నిర్భయంగా కూర వండుకున్న రోజే చెరువు బాగైందని ఒప్పుకుంటాను. ఆ రోజు రావాలని అడగాల్సింది పోయి చేపల్ని వదిలి తృప్తి పడితే ఎలా?

రెండు, అపార్టుమెంట్ల వాళ్ల మీద ఆమెకు కోపం కాస్త ఎక్కువ. వాళ్లు కిటికీలోంచి చెరువును చూస్తూ కిందికి దిగరని దెప్పిపొడిచింది. నువ్వు కూడా తొమ్మిదో అంతస్తులోనే ఉంటున్నావు తల్లీ. దిగనివాళ్లను తిట్టడం కన్నా ఒక ఆదివారం వెంట తీసుకుపో. లేక్ వ్యూ అని అదనంగా డబ్బు కట్టినవాళ్లకు ఆ చెరువులో వాటా ఉందని గుర్తుచేస్తే చాలు, వాళ్లే అధికారుల మీద పడతారు.

భాష గురించి చెప్పకపోతే ముందుమాట పూర్తికాదు. ఈమె తెలుగు కట్ట మీది తెలుగు. షిఫ్టు, క్యాబ్, స్ప్రింట్ ఎంత సహజంగా వస్తాయో మత్తడి, తూము, శిఖం అంత సహజంగా వస్తాయి. ఇంగ్లండులో గిల్బర్ట్ వైట్ అనే పాదిరి తన ఊరు సెల్బోర్న్ దాటకుండా అక్కడి పిట్టల్ని, వానపాముల్ని గమనించి రాసిన పుస్తకం 1789లో అచ్చయింది, దాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. మనకు తుమ్మపూడిలో కూర్చుని ప్రపంచమంతటి గురించి రాసిన సంజీవ్‌దేవ్ ఉన్నాడు. కానీ ఒక ఊరి నీళ్లకు, రాళ్లకు కట్టుబడి రాసిన వ్యాస సంపుటాలు తెలుగులో వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. ఈ పుస్తకం ఆ అరలో నిలబడుతుంది.

చదివేవాళ్లకు పెద్దవాడిగా ఒక పని అప్పగిస్తున్నాను. మీ ఇంటికి దగ్గరి చెరువు పేరు, చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే ఎఫ్‌టీఎల్ హద్దు, అందులో చేపలు పట్టే సంఘం ఎవరిదన్నది కనుక్కోండి. హద్దుల పటాలు హెచ్ఎండీఏ బహిరంగంగానే పెట్టింది. సంఘం వాళ్లు తెల్లవారుజామున కట్ట మీదే దొరుకుతారు. ఈ మూడూ తెలిసిన మనుషులు కాలనీకి పదిమంది ఉంటే రాత్రికి రాత్రి మట్టి లారీలు రావడానికి వెనకాడతాయి.

అమ్మా, ఈ పుస్తకంతో నీ పని అయిపోయిందనుకోకు. హిమాయత్‌సాగర్ వైపు ఈసీ నది నీ కోసం మిగిలే ఉంది. అక్కడి సంఘం వాళ్లను కూడా అడిగి గాలం వెయ్. వచ్చే పుస్తకంలో ఒక్క వ్యాసమైనా చేపల పులుసు మీద ఉండాలి, నన్ను భోజనానికి పిలవాలి. నీ కాళ్లకు నడిచే బలం, చేతికి రాసే ఓపిక నిండుగా ఉండాలని ఆశీర్వదిస్తున్నాను.

మణికొండ,
మృగశిర కార్తె